ఎడమ మణికట్టు పురుగు

"మీరు చెప్పిందే నిజమమ్మా. నేనే పొరబడ్డాను" అన్నాడు డాక్టరు. ఏ మాట కోసం ఆవిడ ఇన్నాళ్ళూ ఊళ్ళో ఉన్న చర్మం డాక్టర్ల గడపలన్నీ అరగదీసిందో, ఏ మాట కోసం "సబ్బు మార్చి చూడండి", "నిద్ర పడుతోందా", "ఒంటరిగా ఉంటారా" లాంటి ప్రశ్నలన్నిటికీ పళ్ళు బిగబట్టి జవాబులు చెప్పిందో, ఆ మాటని ఇవాళ ఈ కుర్రాడు మైక్రోస్కోపు మీదినుంచి తలెత్తి, కళ్ళజోడు సర్దుకుంటూ, ఇంత తేలిగ్గా అనేశాడు. అన్నాక ఆవిడ ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. "అలాగా" అంది, పక్కవీధి సంగతేదో విన్నట్టు. బయటికొచ్చి వరండాలో గోడవారగా వేసిన ఇనుప బెంచీ మీద కూర్చుంది, అదీ చిట్టచివర, పక్కన ఇంకెవరూ కూర్చోడానికి వీల్లేకుండా చేతిసంచీ అడ్డం పెట్టుకుని. మీ అమ్మాయికి ఫోను చేశాను, పాపని తీసుకుని బయల్దేరింది, ఓ గంటలో వచ్చేస్తుంది, అందాకా కాస్త కూర్చోండి అన్నాడు డాక్టరు. కాస్త కూర్చోవడం అంత సుళువా. కూర్చుంటేనే అవి లేస్తాయి. నడుస్తున్నంతసేపూ సర్దుకుని పడుంటాయి, నిలబడితే నక్కుతాయి, మనిషి ఇలా ఓ చోట కుదురుగా కూర్చుందంటే చాలు, పని వేళైందన్నట్టు బయల్దేరతాయి.

ముందు కుడి చీలమండ దగ్గర ఒకటి లేచింది. సన్నగా, తీరుబడిగా, పిక్క మీదుగా పాక్కుంటూ వచ్చి మోకాలి వెనక మడతలో దూరింది. రెండోది మెడ మీద, జుట్టు మొదలయ్యే చోట. మూడోది వేళ్ళ సందున, దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుంది, నొక్కినంతసేపూ ఊరుకుని వదలగానే కదిలింది. ఎదురు బెంచీ మీద కాలికి కట్టు కట్టించుకున్న ముసలాయన అదేపనిగా చూస్తున్నాడు. చూడనీ. గోక్కునేవాళ్ళని చూసి ఆశ్చర్యపోవడానికి ఇదేమైనా పెళ్ళివారిల్లా, చర్మం డాక్టరు వరండా. అయినా ఇంక ఎవరి ముందూ దాచుకోనక్కర్లేదు కదా, రుజువైంది, డాక్టరు కళ్ళారా చూశాడు. ఎనిమిది కాళ్ళూ చూశాడు, నూనెచుక్కలో మెల్లగా ఆడుతున్న కాళ్ళు, "బతికే ఉందమ్మా!" అని గొంతు పెంచి మరీ అన్నాడు. చదువుకునే రోజుల్లో ఈవిడ ల్యాబులో పని నేర్చుకునేటప్పుడు కూడా అంతే, స్లైడు మీద మొదటిసారి ఏదైనా కనిపిస్తే చాలు, పక్కగదివాళ్ళు ఉలిక్కిపడేట్టు అరిచేవాడు, అప్పుడు ఈవిడే గదమాయించేది, అరవకు బాబూ, అది భయపడదు గానీ నేను భయపడతాను అని. ఎంత మంచి కుర్రాడు. ఎంత నమ్మకం. ఆ నమ్మకం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆలోచన టక్కున పక్కకి తప్పుకుంది, బురద చూసి అడుగు పక్కకి వేసినట్టు. గోడ గడియారం వంక చూసింది. ముల్లు కదిలినట్టే లేదు.

"భూతద్దం అక్కా, మీరేనా! ఎన్నాళ్ళకి!" అంటూ ట్రేలో సూదులు మోసుకుపోతున్న నర్సు ఓ క్షణం ఆగి, నవ్వి, వెళ్ళిపోయింది. ఈ ఆస్పత్రిలో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలీదు. ఇదే వరండా అటు చివర, మెట్ల పక్కన, కిటికీకి ఆకుపచ్చ రంగేసిన ల్యాబులో సగం జీవితం గడిపేసింది, ఊరందరి మలమూ కఫమూ నెత్తురూ గాజుపలక మీద పరుచుకుని. పురుగుల్లో ఆవిడకి తెలియనిది లేదు. గుడ్డు చూసి ఏ పురుగుదో చెప్పేది, పెంకు చూసి గుడ్డు ఎంత పాతదో చెప్పేది. "భూతద్దం సంతకం ఉంటే కళ్ళు మూసుకుని మందు రాసెయ్యొచ్చు" అని పెద్ద డాక్టర్లే అనుకునేవాళ్ళు, అది విని ఆవిడ పైకి విననట్టే ఉండి లోపల పొంగిపోయేది. కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజే చెప్పేది: ఏమీ దొరక్కపోతే "లేవు" అని రాయకండి, "కనపడలేదు" అని రాయండి, మనం చూసింది ఒక చుక్కని, మనిషి మొత్తాన్ని కాదు. ఎంత జాగ్రత్త గల మాట. ఆ జాగ్రత్తే ఇప్పుడు పీకకి చుట్టుకుంది. దొరకలేదంటే లేవని కాదు కదా, ఇంకోసారి గీరి చూడు అంటుంది బుర్ర. గీరుతుంది. దొరకదు. ఇంకోచోట గీరుతుంది. దొరకదు. ముంజేతుల మీద మచ్చ లేని చోటంటూ మిగల్లేదు, ఎండలు మండిపోతున్నా పొడుగు చేతుల చొక్కాలే తొడుక్కుంటోంది, అమ్మాయి చూస్తే ఏడుస్తుందని.

గీరింది చూడ్డానికి మైక్రోస్కోపు ఎక్కడిదంటే, పదవీ విరమణ రోజున వీళ్ళే ఇచ్చారు, పాపం మంచి మనసుతోనే. ల్యాబులోకి పెద్ద మిషను వచ్చింది, నెత్తురు పోస్తే లెక్కలన్నీ అదే వేసి కాగితం మీద అచ్చుకొట్టి ఇస్తుంది, ఇంక పాత మైక్రోస్కోపు దేనికని దాన్ని శుభ్రంగా తుడిచి, రిబ్బను కట్టి, చప్పట్లు కొట్టి ఆవిడ చేతిలో పెట్టారు. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టుకుంది. పెట్టుకున్నాక ఏం చూడాలి? ఊళ్ళోవాళ్ళెవరూ డబ్బాల్లో ఏదీ పట్టుకురారు. ఉల్లిపొర చూసింది, ఈగ రెక్క చూసింది, పంపునీళ్ళు చూసింది. అప్పటికింకా దురద లేదు. అమ్మాయికి నెలలు నిండుతున్న రోజులు, రెండు వీధుల అవతల అమ్మాయి అద్దె ఇల్లు, పసిబిడ్డ వచ్చేలోపు ఆ ఇంట్లో దుమ్ము అన్నది ఉండకూడదని ఈవిడ పరుపులు ఎండబెట్టి, పెట్టెలు దులిపి, చీపురు పట్టుకుని యుద్ధం చేసింది. ఆ యుద్ధం మధ్యలోనే ఓ రోజు చీలమండ దగ్గర చిన్నగా ఏదో పాకింది. చీమేమో అనుకుంది. చూస్తే చీమ లేదు. చీమ లేనప్పుడు చీమ కాదు, అంతకంటే చిన్నది. ఏది ఎంత చిన్నదిగా ఉంటుందో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు. తెలియనివాళ్ళకి దురద దురదే, గోక్కుంటే పోతుంది. ఈవిడకి మాత్రం ప్రతి దురదకీ కాళ్ళు మొలిచాయి, గుడ్లు పెట్టాయి, చర్మం కింద సొరంగాలు తవ్వుకుని కాపురాలు పెట్టాయి.

పాప పుట్టింది. పుట్టిందని అల్లుడు ఫోను చేస్తే ఆవిడ కుళాయి కింద మోచేతుల దాకా చేతులు కడుక్కుంటున్నదల్లా తడిచేతుల్తోనే పరుగెత్తింది, పరుగెత్తి ఆస్పత్రి గది తలుపు దగ్గర ఆగిపోయింది. ఆగిపోయిందంటే ఆగిపోయింది, ఇప్పటికీ పాప ఉన్న గదిలోకి అడుగు పెట్టలేదు. అమ్మాయి చేతులు చాపి "తీసుకో అమ్మా" అంది. అంత బడలికలోనూ మొహం వెలిగిపోతోంది దానికి. ఈవిడ చేతులు వెనక్కి కట్టుకుని "జలుబుగా ఉందే, తర్వాత ఎత్తుకుంటాలే" అంది. జలుబు పోయింది. తర్వాత నడుంనొప్పి అంది. తర్వాత ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం అమ్మాయి ఇంటి కిటికీ బయట నిలబడి చూసి వస్తుంది, పిడికిలి బిగించుకుని పడుకున్న పిల్లని, ఆవలించే పిల్లని, ఎందుకో ఉలిక్కిపడి రెండు చేతులూ గాల్లోకి చాపే పిల్లని. ఎత్తుకోవాలని ఎంత ఉందంటే, ఇంటికొచ్చాక మడతపెట్టిన దుప్పటిని మోచేతి మీద పడుకోబెట్టుకుని కాసేపు కూర్చుంటుంది, ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారని తలుపు గడియ పెట్టుకుని మరీ. కానీ ఒంటినిండా ఇన్ని పెట్టుకుని ఆ మెత్తటి ఒంటిని ఎలా ముట్టుకోవడం? ఒక్కటి చాలు, ఒక్క ఆడపురుగు. మొన్న అమ్మాయి ఈవిడ ఇంటికొచ్చి పరుపు మీద దుప్పటి మారుస్తూ, మారుస్తూనే ఉండి, ఉన్నట్టుండి వెనక్కి తిరగకుండానే అంది: "ఒక్కసారంటే ఒక్కసారి నా పిల్లని ముట్టుకోలేదు నువ్వు." ఏం చెప్పాలి, ముట్టుకోనిది ప్రేమ లేక కాదని చెబితే మాత్రం నమ్ముతుందా.

అందుకే అప్పుడు ఈ కుర్ర డాక్టరు దగ్గరికి మొదటిసారి వచ్చింది. మిగతావాళ్ళలా ఇతను గుమ్మంలోంచే తేల్చెయ్యలేదు, అది ఒప్పుకోవాలి. ఆవిడ పట్టుకొచ్చిన చిన్నచిన్న సీసాలన్నీ, కుడి చీలమండ, మెడ, వేళ్ళ సందు అని చీటీలు అంటించిన సీసాలన్నీ వరసగా పెట్టుకుని, ఇద్దరు ఒకేసారి చూసే జంట మైక్రోస్కోపు తెప్పించి, ఆ పక్కన తను, ఈ పక్కన ఆవిడ కూర్చుని ఒక్కొక్కటే చూశారు. లోపల చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాన్ని జరుపుతూ "ఇది నాకు నూలుపోగులా ఉంది, మీకు?" అనేవాడు. నూలుపోగే. "ఇది చర్మం పొలుసు కదూ?" పొలుసే. ఆవిడ కళ్ళు అబద్ధం చెప్పలేవు, ఏం చేస్తాయి పాపం, జీవితమంతా ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలవాటైన కళ్ళు. అన్నీ అయిపోయాక అతను "పురుగు నాకు కనపడలేదమ్మా, మీరు పడుతున్న బాధ మాత్రం కనపడుతోంది. అది అబద్ధం అని నేననను" అన్నాడు. అంతకుముందు ఇంకో డాక్టరు, ఏమీ చెప్పకుండా చీటీ రాసి పైఅంతస్తుకి పంపించాడు, తీరా వెళ్ళి తలుపు మీద బోర్డు చదివితే మానసిక వ్యాధుల నిపుణుడు. వెళ్ళిన కాళ్ళతోనే వెనక్కి తిరిగింది ఆవిడ. ఇతను అలా దొంగచాటుగా పంపలేదు. మాత్రల అట్ట ఒకటి బల్ల మీద పెట్టి, "ఇది దేనికిస్తారో మీకు తెలుసు. నేను దాచను. ఒంటిమీద పాకుతున్నట్టుండే ఈ బాధకి కూడా ఇదే పనిచేస్తుంది, చాలా చిన్న మోతాదు. పురుగులు లేవని మీరు ఒప్పుకోనక్కర్లేదు, ఉన్నాయని నేను ఒప్పుకోనక్కర్లేదు. మాత్ర వేసుకుని చూద్దాం, అంతే" అన్నాడు. ఇంటికెళ్ళి అట్టని సంచీ పక్క జేబులో పడేసి, అక్కడే వదిలేసింది. పిచ్చివాళ్ళ మందు మింగి బిడ్డనెత్తుకునే అమ్మమ్మని అవుతానా, పురుగుని పట్టుకుని చూపించి అవుతానా, తాడోపేడో తేల్చుకుంటాననుకుంది.

తేల్చుకుంది కూడా. ఆలోచన ఎంత పక్కకి తప్పుకున్నా చివరికి అక్కడికే వచ్చి నిలబడింది. సందు చివర రొట్టెల కొట్టు పక్కన ఓ గజ్జికుక్క పడుకుని ఉంటుంది, చెవుల అంచులు గట్టిగా పెచ్చు కట్టి, మోచేతుల దగ్గర వెంట్రుకలన్నీ ఊడిపోయి. చూసినవాళ్ళు ఛీ అని కాలితో తోస్తారు. ఇవాళ పొద్దున ఆవిడ దాని పక్కన, ఆ పేవ్‌మెంటు మీదే, చతికిలబడి కూర్చుంది. బన్ను తుంచి పెట్టింది. అది తిని, ఇంక వేరే పనేం లేదన్నట్టు తల తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. చెవి అంచున నూనెచుక్క వేసి, బ్లేడుతో మెల్లగా గీరి, గీరినదాన్ని సీసాలోకి దించింది, చెయ్యి కాస్త కూడా వణకలేదు. ఇంటికొచ్చి ఎప్పట్లాగే ఒళ్ళంతా రుద్దుకుని స్నానం చేసి, బట్టలు మార్చుకుని, సీసా మీద చీటీ అంటించింది. ఎడమ మణికట్టు. అది రాస్తున్నప్పుడు కూడా చెయ్యి వణకలేదు, ఎందుకంటే ఇది మోసం అని ఆవిడ అనుకోలేదు. తన పురుగులు మహా జాణలు, బ్లేడు వాసన తగిలితే లోపలికి దిగిపోతాయి, దొరకవు. దొరకనివాటికి బదులుగా వాటి చుట్టాన్ని ఒకదాన్ని తీసుకెళ్ళి చూపిస్తే తప్పేముంది? రెండూ ఒక జాతే, ఏ మైక్రోస్కోపూ తేడా పట్టలేదు. డాక్టరు ఎలాగూ "మీ చేత్తో తీసిన నమూనా మీద నాకు అనుమానమేంటమ్మా" అంటాడని తెలుసు. అచ్చం అలాగే అన్నాడు. ఇన్నేళ్ళ సంతకాన్ని ఓ కుక్క చెవికి తాకట్టు పెట్టేసింది, అదీ ఎంత సునాయాసంగా.

ఆ తర్వాత అతను అన్నదే ఈవిడ లెక్కలో లేనిది. "ఇంట్లో అందరికీ ఒకేసారి మందు వెయ్యాలమ్మా, లేకపోతే ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి తిరుగుతూనే ఉంటుంది. మీ అమ్మాయి మీ పరుపు దులుపుతుంది కదా, ఆవిడకీ ఉండొచ్చు. పాపకి కాళ్ళ మీద చిన్న పొక్కులొచ్చాయంది ఫోన్లో. ఉక్కకి వచ్చినవేమో అనుకున్నారట. తీసుకురమ్మన్నాను, గీరి చూద్దాం." గీరి చూద్దాం. ఆ మాట చెవిలో పడ్డప్పుడు ఆవిడ గెలుపులో ఉంది, ఇప్పుడు బెంచీ మీద కూర్చున్నాక అది లోపలికి దిగింది. గీరడమంటే ఏమిటో ఆవిడకి వేరే చెప్పాలా. పైపైన గీరితే దొరకదు, నెత్తురు సన్నటి చుక్కలుగా పొడచూపేదాకా గీరాలి. పసిపిల్లల కాళ్ళు ఎన్ని పట్టుకుందో, అరికాలు బొటనవేలంత ఉంటుంది, పిల్ల ఏడుపు ఎత్తుకుని ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంది, మొహం ఎర్రబడి నీలంగా మారుతుంది, తల్లి మొహం పక్కకి తిప్పుకుంటుంది. ఆ తర్వాత గంధకం కలిపిన మందు, కళ్ళూ నోరూ వదిలేసి నెత్తి నుంచి అరికాలి దాకా, కుళ్ళిన గుడ్ల కంపు, అంత లేత చర్మం మీద మంట. ఆ కంపు కొట్టే పిల్లకి పాలివ్వడానికి అమ్మాయి దగ్గరికి తీసుకుంటుంది. దేనికోసం? రొట్టెల కొట్టు పక్కన పడుకున్న కుక్క కోసం.

లేచి నిలబడింది. కూర్చుంది. మళ్ళీ లేచి నీళ్ళ కుళాయి దాకా వెళ్ళి, తాగకుండా తిరిగొచ్చింది. ముసలాయన సానుభూతిగా "లోపల ఆలస్యమవుతోందా అమ్మా?" అన్నాడు. ఆలస్యమైతే ఎంత బావుండు. చెప్పెయ్యాలి, లోపలికెళ్ళి, బాబూ ఇలా అని. చెబితే? ఒక్క క్షణంలో మళ్ళీ పిచ్చిదైపోతుంది. ఇంతకుముందు వట్టి పిచ్చిది, ఇప్పుడు అబద్ధాలాడే పిచ్చిది. ఇంక జన్మలో ఎవరూ ఆవిడ మాట నమ్మరు, పురుగులేమో పోవు, పాపని ఎత్తుకోవడమనేది ఇంక కల. చెప్పకపోతే? పాప కాళ్ళు గీరతారు, ఏమీ దొరకదు, అయినా మందు పూస్తారు, ఒక వారం ఏడుస్తుంది, తర్వాత పిల్లకేం గుర్తుంటుంది, అందరికీ మందు పడ్డాక నావీ పోతే పోవచ్చు, అప్పుడు హాయిగా ఎత్తుకోవచ్చు. పోవు కదా. ఆ మందే ఇప్పటికి ఎన్నిసార్లు పూసుకుంది తను, పోయాయా? ఇక్కడ ఆవిడ బుర్ర దేనికో తగిలి ఆగింది. నిజంగా ఒంటినిండా అన్ని ఉంటే, మెడ మీదా కాళ్ళ మీదా వేళ్ళ సందునా లెక్కలేనన్ని కాపురాలు ఉంటే, ఒకే ఒక్క పురుగు కోసం కుక్క దగ్గరికి ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది? బ్లేడు చూసి దాక్కుంటాయి కనక. కుక్క ఒంటిమీదవి ఎందుకు దాక్కోలేదు? మొదటి గీరుకే దొరికాయే. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది, గుర్తు రాకపోయినా బావుండేది: కుక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నంతసేపూ, పని అయిపోయాక కూడా దాని చెవి వెనక వేళ్ళతో నిమురుతూ ఊరికే కూర్చున్నంతసేపూ, ఆవిడ ఒంటిమీద ఏదీ పాకలేదు. వెంటనే ఆ ఆలోచనని బయటికి నెట్టి తలుపేసుకుంది. లేవని కాదు, లేవని నేననలేదు, కనపడలేదు అంతే. మెడ మీద ఒకటి కదిలింది, ఎప్పుడూ లేనిది దాంతో కాస్త ధైర్యం వచ్చినట్టైంది.

అమ్మాయి గంట కాకముందే వచ్చేసింది. జుట్టు కూడా సరిగ్గా దువ్వుకోలేదు, భుజాన పెద్ద సంచీ, ఛాతీకి అదుముకుని గుడ్డల మూట, అందులోంచి ఒక్క చెవి మాత్రం బయటికి కనిపిస్తోంది. తల్లిని చూసి ఆగింది. కోప్పడుతుందేమో అనుకుంది ఆవిడ, కోప్పడినా బావుండేది. అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "నువ్వు మొదట్నించీ చెబుతూనే ఉన్నావు, నేనే వినలేదమ్మా. నిన్ను ఎన్ని మాటలన్నాను" అంది. ఇది వినడానికేనా ఇన్నాళ్ళూ చెవులు కాయలు కాసేలా కాచుకున్నది? విన్నాక నిలువునా చచ్చిపోవచ్చు అనిపించింది. నోరు పెగిలేలోపే డాక్టరు తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు.

గదిలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. అమ్మాయి మూట విప్పింది. పాప నిద్రలోనే మొహం చిట్లించి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుంది. ఇంత దగ్గర్నించి చూడడం ఇదే మొదటిసారి, తలుపుకి వీపు ఆనించి నిలబడి కూడా ఆవిడకి కనురెప్పలు కనిపించాయి, పలచగా, ఇంకా సరిగ్గా మొలవనట్టు. కాళ్ళ మీద నాలుగైదు ఎర్రటి పొక్కులు. ఉక్క పొక్కులే, ఆ మాత్రం ఆవిడ తలుపు దగ్గర్నించే చెప్పగలదు. డాక్టరు నూనెసీసా మూత తీశాడు. నర్సు పాప మడమ పట్టుకుంది. అమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది. కొత్త బ్లేడు కాగితం విప్పుతున్న చప్పుడు.

"బాబూ, ఆగు."

అతను ఆగాడు.

"అది నాది కాదు. ఇందాక నువ్వు చూసింది. మా సందు చివర కుక్క ఉంది, దాని చెవి దగ్గర గీరి తెచ్చాను. ఎడమ మణికట్టు అని చీటీ నేనే అంటించాను." ఇంకా ఏదో ఉంది, అది కూడా బయటికి రావాలి, రిపోర్టు సగం చెప్పి ఆపడం ఆవిడకి చేతకాదు. "నా ఒంటి మీద ఇప్పటిదాకా ఒక్కటి కూడా దొరకలేదు. నేను వెతకని చోటు లేదు. దొరకలేదు."

డాక్టరు బ్లేడుని కాగితంలో తిరిగి చుట్టి పక్కన పెట్టాడు, మొహం ఎర్రబడింది అతనికి, తను మోసపోయినందుకో ఇంకాస్తయితే ఏం చేసేవాడినో తలుచుకునో. నర్సు మడమ వదిలేసింది. అమ్మాయి పాప మీద గుడ్డ కప్పింది, కప్పిన గుడ్డనే మళ్ళీ సర్దింది, ఇంకోసారి సర్దింది. సర్దుతూ సర్దుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"కుక్కని ముట్టుకున్నావా?"

"ఊఁ."

"వట్టి చేతుల్తోనా?"

"ఒళ్ళో పడుకుంది."

"గజ్జికుక్కని ఒళ్ళో పడుకోబెట్టుకున్నావు." అమ్మాయి చెయ్యి గుడ్డ మీద ఆగింది. "నా బిడ్డని ముట్టుకోవు. దాన్ని మాత్రం ఒళ్ళో పడుకోబెట్టుకున్నావా అమ్మా?"

ఆవిడకి ఆశ్చర్యం వేసింది, ఇంత చిన్న విషయం దీనికెందుకు అర్థం కాదని. "దానికి ముందే ఉన్నాయి కదే" అంది. "నా వల్ల దానికి కొత్తగా ఏమీ అంటుకోదు."

అమ్మాయి తల ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది, పొడుగు చేతుల చొక్కాని, దాని కింద కనిపిస్తున్న వేళ్ళని, తలుపుకి అతుక్కుపోయి నిలబడ్డ తీరుని. డాక్టరు కుర్చీ జరిపి, ఆవిడకి ఎదురుగా కాదు, పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"పాపవి ఉక్క పొక్కులే అనుకుంటాను" అన్నాడు మెల్లగా.

"ఉక్కవే" అంది ఆవిడ.

"మాత్రలు మొదలుపెట్టారా?"

ఆవిడ సంచీ పక్క జేబులోంచి అట్ట తీసింది. ఒక్క మాత్ర కూడా తియ్యలేదు. "ఇది వేసుకుంటే అవి పోతాయా?"

"దురద తగ్గుతుంది. రేపే కాదు, కొన్ని వారాలు పడుతుంది. అవి ఉన్నాయా లేవా అన్నది అప్పుడు ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడే మాట్లాడుకుందామంటే మీరు నిలబడలేకుండా ఉన్నారు."

"ఉన్నాయి బాబూ" అంది ఆవిడ, బతిమాలుతున్నట్టు. "నాకు తెలుస్తోంది. ఇప్పుడు కూడా తెలుస్తోంది."

"తెలుస్తోందమ్మా. కాదనను."

అట్ట నొక్కితే మాత్ర టప్పున అరచేతిలో పడింది. మహా చిన్నది. కంటికి దగ్గరగా పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది, పాత అలవాటు. అమ్మాయి పాపని బల్ల మీద నర్సు చేతికి వదిలి, సంచీలోంచి నీళ్ళసీసా తీసి, మూత విప్పి అందించింది. అందిస్తూ దగ్గరికి వచ్చింది. దగ్గరికి రాకు అనాలి, ఎప్పుడూ అనే మాట, నాలుక చివరి దాకా వచ్చింది, కానీ నోట్లో మాత్ర ఉంది. మింగింది. నీళ్ళు సగం మెడ మీద పోయాయి. తల దించేసరికి వీపు మీద, రెండు రెక్కల మధ్య, చెయ్యి అందని చోట ఒకటి లేచింది, ఇప్పుడే లేవాలా, ఆవిడ భుజాలు ముడుచుకుని తలుపుకి రుద్దుకోబోయింది.

అమ్మాయి చూసింది. ఒక చెయ్యి తల్లి భుజం మీద వేసి ఇటు తిప్పింది, రెండో చెయ్యి వీపు మీద పెట్టింది. కోపం ఇంకా పోలేదని ఆ చెయ్యి పెట్టిన తీరులోనే తెలుస్తోంది.

"ఎక్కడ?" అంది.

ఆవిడ కదల్లేదు. కదిలితే చెయ్యి తీసేస్తుందేమోనని ఊపిరి కూడా బిగబట్టింది.

"ఎక్కడో చెప్పమ్మా."

"ఇంకొంచెం పైన" అంది ఆవిడ.